ఓంగ్‌యా కడుపులో కుళాయిల డ్రాయింగులు

ఆ-హ్వే తౌకే ఎవర్నీ నమ్మడు. ఒక ఏడు పెద్ద భూకంపం వచ్చినప్పుడు మా వాడంతా గోచీలు సర్దుకోకుండా వీధిలోకి పరుగెత్తితే, ఈయన కూడా పరుగెత్తాడు. కాకపోతే బయటికొచ్చి, వెనక్కి తిరిగి, తలుపుకు తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, అప్పుడు తీరిగ్గా భయపడ్డాడు. నేను కళ్లారా చూశాను. నాకు పెంచి చెప్పే అలవాటుందని మా వాడలో ఒక పుకారుంది గానీ, ఈ మనిషి విషయంలో పెంచడానికి చోటు దొరకదు.

తౌకే అంటే మా దగ్గర యజమాని. నలుగురు పనివాళ్లున్నా తౌకే, నాలుగొందల మంది ఉన్నా తౌకే. లుకాంగ్ పట్నం పక్కనున్న మా కుళాయిల వాడలో ఎవరైనా బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటే ఆ చేతులు ఇద్దరు తౌకేలకు తగులుతాయి. ఇత్తడి పోసేవాడొకడు, చెక్కేవాడొకడు, మెరుగు పెట్టేవాడొకడు. ప్రపంచంలో ఎవరు చేతులు కడుక్కున్నా అందులో సగం పుణ్యం మాదే. ఆ పుణ్యంలో ఆ-హ్వే వాటా ఆయన డ్రాయింగులు. ముప్పై ఏళ్లుగా ఆయన గీసిన ప్రతి కుళాయి, ప్రతి వంపు, లోపల నీళ్లు నడిచే ప్రతి దారి ఒక కంప్యూటర్లో ఉండేది. ఆ గీత లేకపోతే కోత యంత్రం కదలదు. చేతిలో కుళాయి పెట్టుకుని కొలుచుకోవచ్చు కదా అంటారేమో. పైపైన కొలవొచ్చు. లోపలి దారి కొలవాలంటే నీళ్లై పుట్టాలి.

ఆ కంప్యూటర్‌కు వైద్యుణ్ని నేనే. పాలిటెక్నిక్‌లో ఒక్క చలికాలం చదివి, వాళ్లకు నేర్పాల్సింది నేర్పేసి బయటికొచ్చి, చేపల బజారు చివర కొట్టు పెట్టుకున్నాను. మా జిల్లాలో మంత్రసానులు పోసిన పురుళ్లకంటే నేను బతికించిన కంప్యూటర్లే ఎక్కువ.

"తౌకే, దీనికి ఇంకో నకలు తీసి వేరే చోట పెట్టండి" అన్నాను ఒకసారి, దుమ్ము దులుపుతూ.

"పెట్టాను కదరా, ఆ-తియెన్. పెట్టెలో రెండు డిస్కులున్నాయి. ఒకటి పోతే ఇంకోటి."

"ఒకే పడవలో అన్నదమ్ములిద్దర్నీ ఎక్కించి, ఒకడు మునిగితే రెండోవాడున్నాడులే అన్నట్టుంది."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. అనుమానం అసలే ఆయన సొంత పంట. దానికి నేను ఎరువు వేశాను. మరునాటి నుంచి నకలు ఎక్కడ దాచాలన్న వేట మొదలైంది.

ముందు తైచుంగ్ నగరం నుంచి క్లౌడ్ అమ్మేవాణ్ని పిలిపించాడు. వాడు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. తౌకే ఊలాంగ్ టీ పోశాడు. వాడు తాగాడు. మళ్లీ పోశాడు. మళ్లీ తాగాడు. మా దగ్గర టీ పోస్తున్నంతసేపూ వ్యవహారం మాట్లాడకూడదని ఆ పిల్లాడికి వాళ్ల కంపెనీలో ఎవరూ చెప్పలేదు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, తౌకే పోస్తూనే ఉన్నాడు.

"ఇంతకీ నా డ్రాయింగులు ఎవరింట్లో పెడతారు బాబూ?"

"ఎవరింట్లోనూ కాదండి. మూడు దేశాల్లో, మూడు భవనాల్లో."

"ఆ భవనాల తౌకే ఎవరు?"

"తౌకే అంటే... వాటాదార్లుంటారండి."

"నేను వెళ్తే టీ ఇస్తారా?"

వాడు ఆలోచించాడు. అక్కడే దొరికిపోయాడు. టీ ఇవ్వడానికి ఆలోచించే ఇంట్లో ఆ-హ్వే తన కుళాయిలను పెట్టడు. వాడికి ఒక పెట్టె ఎద్దునాలుక ఆకారపు బిస్కెట్లు చేతిలో పెట్టి బస్సెక్కించాడు.

తరవాత బ్యాంకు లాకరు. అది బాగానే ఉందనుకుంటుండగా, మేనేజరు భార్యకూ పక్క వాడలో కుళాయిలు చేసే మనిషికీ వియ్యం కలవబోతోందని తెలిసింది. లాకరు పోయింది. ఇంట్లో పెడదామంటే ఇల్లూ కార్ఖానా ఒకే గోడ. కార్ఖానాకు నిప్పంటుకుంటే ఇంటికి చలిమంట. హువాలియెన్‌లో ఉన్న పిన్ని కూతురి దగ్గర పెడదామంది ఆయన భార్య సూ-మియావ్ అక్క. "అక్కడ భూమి వారానికోసారి దులుపుకుంటుంది. బీరువాలో ప్లేట్లే నిలవవు, డిస్కు నిలుస్తుందా" అన్నాడు.

ఇదంతా అన్నం ముందు కూర్చుని వింటున్నవాడు కున్-లాంగ్. సూ-మియావ్ అక్క తమ్ముడు. వీధికి అవతలి చివర ఆయనకూ ఒక కుళాయిల కార్ఖానా ఉంది. బావ కుళాయి బయటికొచ్చిన నాలుగు నెలలకు బావమరిది కుళాయి వస్తుంది. పోలికలుంటాయి. అక్కాతమ్ముళ్లకు పోలికలుండవా అని కున్-లాంగ్ వాదన.

"నా దగ్గర పెట్టు బావా" అన్నాడు ఆయన, రొయ్య తొక్క వలుస్తూ. "సొంత మనిషిని. ఎవరు అడిగినా ఇవ్వను."

"ఎండుచేపలకు పిల్లి కాపలా ఉంటానందట" అన్నాడు ఆ-హ్వే.

"నాకు చేపలు పడవు బావా."

"కుళాయిలు పడతాయిగా."

ఇక మనుషుల్లో ఎవరూ మిగల్లేదు కనక దేవుడి దగ్గరికి వెళ్లాడు. మా వాడకు ఓంగ్‌యా స్వామి ఉన్నాడు. ఎర్ర మొహం, నల్లగడ్డం, తుపాన్లనూ రోగాలనూ వెనక్కి పంపించే రాజస్వామి. ఆయన్ను అడిగే పద్ధతి అందరికీ తెలిసిందే. నెలవంకల్లాంటి రెండు చెక్కలను నేలమీద వేయాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే స్వామి నవ్వుతున్నాడన్నట్టు. పెద్ద విషయమైతే వరసగా మూడుసార్లు సరే రావాలి.

ఆ-హ్వే మోకాళ్లమీద కూర్చుని ఒక్కో చోటూ అడిగాడు. క్లౌడ్? వద్దు. బ్యాంకు? వద్దు. హువాలియెన్? స్వామి నవ్వాడు. బావమరిది? చెక్కలు వేయనేలేదు. చేతిలోనే తిప్పి, "ఇది అడగను స్వామీ, నువ్వు మొహమాటపడతావు" అని వదిలేశాడు. చెక్కలు వేసీ వేసీ భుజం నొప్పెట్టిందేమో, చివరికి విసుగుతో, "అయితే నీ దగ్గరే ఉంచుకుంటావా?" అన్నాడు. సరే. మళ్లీ వేశాడు. సరే. మళ్లీ. సరే.

మనం మొహమాటానికి అన్న మాటను పట్టుకుని ఇంట్లో దిగిపోయే చుట్టాలుంటారు చూడండి, ఆ-హ్వే ఆ రకం.

అదృష్టమో కర్మమో, అప్పుడే గుడికి కొత్త విగ్రహం చెక్కిస్తున్నారు. పాత స్వామి అగరొత్తుల పొగకు బొగ్గై, కళ్లేవో ముక్కేదో తెలియకుండా ఉన్నాడు. మా వైపు విగ్రహం వీపున ఒక తొర్ర చేస్తారు. ప్రతిష్ఠ రోజున అందులో అయిదు రంగుల దారాలు, గింజలు, స్వామికి చురుకుండాలని ఒక బతికున్న కందిరీగ పెట్టి చెక్క బిరడాతో మూసేస్తారు. ఆ-హ్వే శిల్పిని పట్టుకుని తొర్ర కాస్త పెద్దది చేయమన్నాడు. స్వామి గడ్డానికి అసలైన గుర్రపు వెంట్రుకలు తన ఖర్చుతో పెట్టించాడు. డ్రాయింగుల నకలున్న డిస్కు ఎర్రగుడ్డ చుట్టుకుని కందిరీగ పక్కన కూర్చుంది. బిరడా పడింది. బంగారు రేకు అంటించారు.

"తౌకే," అన్నాను ప్రతిష్ఠ విందులో, "వచ్చే నెల కొత్తగా గీసేవో?"

"స్వామికి నెలనెలా ఆపరేషన్ చేయమంటావా?"

"పోనీ, అసలు అది పనిచేస్తోందో లేదో మధ్యలో ఒకసారైనా చూడాలి కదా."

"దేవుణ్ని పరీక్షిస్తావట్రా?" అన్నాడు. ఆ బల్లమీద వాళ్లంతా నాకేసి చూశారు. నేను తలవంచుకుని పీత కాలు కొరుక్కున్నాను. నా తెలివికి అప్పుడప్పుడూ ఇలాంటి అవమానాలు జరుగుతుంటాయి.

అలా మూడేళ్లు ఆ-హ్వే హాయిగా నిద్రపోయాడు. నాలుగో ఏడు వసంతం చివర, ప్లమ్ పళ్లు పండే వేళ కురిసే వానలు మొదలవుతుండగా, ఒక బల్లి వెచ్చదనం వెతుక్కుంటూ ఆయన కంప్యూటర్ పెట్టెలోకి దూరింది. ఏ తీగమీద కాలు పెట్టిందో, చిటపటమని ఒక మెరుపు, వేయించిన వాసన. బల్లి పోయింది. పెట్టె పోయింది. పెట్టెలోని అన్నదమ్ములిద్దరూ ఒకరి మెడలు ఒకరు పట్టుకుని పోయారు. నేను వెళ్లి విప్పి చూశాను. నాలాంటివాడే చేతులెత్తేశాడంటే ఇక అర్థం చేసుకోండి.

అది గురువారం. శనివారం ఒసాకా నుంచి నిషివాకి గారు వస్తున్నారు. ఆయనకు కావలసింది కొంగమెడ కుళాయి. ఆసుపత్రుల్లో చేతులు కడుక్కునే పొడుగు మెడది. ఆ-హ్వే పదేళ్ల కింద గీసింది. డ్రాయింగు చూపించి, ఆయన చెప్పే మార్పు అక్కడికక్కడే చేసి ఒప్పిస్తే రెండేళ్ల పని. చూపించలేకపోతే నిషివాకి గారు మర్యాదగా వంగి దండం పెట్టి ఇంకో గుమ్మం ఎక్కుతారు. ఆ పని మీదే ఆధారపడి ఆ-హ్వే కొత్త కోత యంత్రం దింపాడు, మెరుగు పెట్టేవాళ్లకు మాటిచ్చాడు.

"ఏం ఫరవాలేదు" అన్నాడు ఆయన, మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది. "స్వామి దగ్గరుంది. పద గుడికి."

"స్వామి గుళ్లో లేడు" అంది సూ-మియావ్ అక్క.

నిజమే. స్వామి ముందురోజే ఊరేగింపు మీద బయల్దేరాడు. ఏటా సముద్రం పక్క పల్లెలన్నీ పల్లకీలో తిరిగి, ఆదివారానికి గానీ వెనక్కి రాడు. ఆ-హ్వే ముప్పై ఏళ్ల కష్టమంతా ఎనిమిదిమంది భుజాలమీద ఊగుతూ, బాణాసంచా పొగలో, ఉప్పుమడుల మధ్య ఎక్కడో షికారు చేస్తోంది. బ్యాకప్ అంటే ఇంటికి దూరంగా ఉండాలని చెప్పింది నేనే. ఇంత దూరమని చెప్పలేదు.

నా వ్యాన్‌లో ముగ్గురం బయల్దేరాం. దారిపొడవునా పటాకుల ఎర్రకాగితాలే గుర్తు. ఆ ఎరుపు వెంబడి పోతే మధ్యాహ్నానికి ఒక చేపల పల్లెలో పల్లకీ దొరికింది. బోయీలు దాన్ని ఎత్తుపీటలమీద దించి, పల్లెవాళ్లు పెట్టిన ఆల్చిప్పల సేమ్యా జావ తాగుతున్నారు. అందరికంటే ముందు కొయ్య దగ్గర, పసుపు చొక్కాలో, తలకు గుడ్డ కట్టుకుని నిలబడ్డవాడు కున్-లాంగ్. పల్లకీ దించినా ముందు కొయ్య పట్టేవాడు చెయ్యి తీయకూడదు. ఆ కొయ్యమీద చెయ్యి ఉండగా అబద్ధమాడితే భుజం విరుగుతుందని మా వైపు గట్టి నమ్మకం. అందుకని బోయీలు ఊరేగింపులో ఎక్కువ మాట్లాడరు.

"ఏంటి బావా, దండం పెట్టుకోడానికి ఇంత దూరం వచ్చావు?" అన్నాడు ఆయన.

"స్వామి వీపు తెరవాలి" అన్నాడు ఆ-హ్వే.

సేమ్యా జుర్రుతున్న చప్పుడంతా ఆగిపోయింది. ఊరేగుతున్న దేవుడి వీపు తెరవడమంటే పెళ్లి మేళంలో పెళ్లికొడుకు పంచె విప్పడమే. అయినా స్వామినే అడుగుదాం, ఆయన సరేనంటే మనమెవరం అన్నాడు ఊరేగింపు వెంట వచ్చిన పూజారి, చెక్కలు అందిస్తూ. ఆ-హ్వే కాలుతున్న తారురోడ్డుమీద మోకాళ్లు వేశాడు.

"స్వామీ, నా డిస్కు తీసుకుంటాను."

వద్దు.

"ఒక్క గంటే. మళ్లీ పెట్టేస్తాను."

వద్దు.

"కొత్త గడ్డం పెట్టిస్తాను."

చెక్కలు రెండూ వెల్లకిలా. స్వామి నవ్వాడు. బోయీలు కూడా నవ్వారు. ఆ-హ్వే మొహంలో రక్తం లేదు. చెక్కలు ఏరుకుని చేతిలోనే పట్టుకున్నాడు. ఎగతాళి చేద్దామని తెరిచిన నోరు నేనే మూసుకున్నాను.

అప్పుడు సూ-మియావ్ అక్క ముందుకొచ్చింది. మొగుడి చేతిలోంచి చెక్కలు లాక్కుంది.

"అడగడం చేతకాదు ఈయనకు. జరగండి." మోకాళ్లు వేసింది. "స్వామీ, మా డ్రాయింగులు నీ కడుపులో కాకుండా ఇంకెక్కడైనా ఉన్నాయా?"

సరే.

ఆ-హ్వే తలెత్తాడు.

"దూరంగానా?"

వద్దు.

"మన వాడలోనేనా?"

సరే.

"పరాయివాళ్ల దగ్గరా?"

వద్దు.

"అయినవాళ్ల దగ్గరా?"

రెండు చెక్కలూ వెల్లకిలా పడి, రోడ్డుమీద కాసేపు అలా ఊగుతూనే ఉన్నాయి. స్వామికి నవ్వు ఆగనట్టు.

అక్క లేచి మోకాళ్లు దులుపుకుంది. దేవుణ్ని సరైన ప్రశ్న అడగాలంటే జవాబు సగం ముందే తెలిసుండాలి. ఆమెకు ఎంత తెలుసో నేను అడగలేదు. నాకు ధైర్యం ఎక్కువే గానీ ఆమె చేతిలో చెక్కలున్నాయి.

"కున్-లాంగ్."

"ఏంటక్కా."

"ఏమైనా చెప్పాలా నువ్వు?"

"ఎండ బాగా ఉందక్కా."

"డ్రాయింగుల సంగతి."

"కొన్ని... ఉండొచ్చు." ఆయన చెయ్యి కొయ్యమీద నుంచి మెల్లగా జారుతోంది.

"చెయ్యి తియ్యకు. కొన్ని అంటే?"

కున్-లాంగ్ స్వామి వంక చూశాడు. భుజం వంక చూసుకున్నాడు. "అన్నీ" అన్నాడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఓంగ్‌యా పట్టాడు. అదీ నడిరోడ్డుమీద, సేమ్యా గిన్నెల మధ్య.

"ఎప్పటివరకు ఉన్నాయి?" అని అడిగింది నేను. వృత్తి ధర్మం.

"మొన్న పదహారో తిథి వరకు."

అంతా బయటపడింది. చాంద్రమాన నెలలో రెండో రోజునా పదహారో రోజునా మా తౌకేలంతా కార్ఖానా ముందు బల్ల వేసి భూమిదేవుడికి మాంసం, పళ్లు పెడతారు. తరవాత పెరట్లో దేవుడికి పంపే కాగితపు డబ్బు కాలుస్తారు, తరవాత అందరూ కలిసి తింటారు. అక్క ఇంటి భోజనానికి కున్-లాంగ్ ఎన్నడూ తప్పడు. బావ పెరట్లో కాగితాలు కాలుస్తున్నంతసేపూ, చెమట పోస్తోందని ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాడు. ఊరికే కూర్చోవడమెందుకని జేబులోంచి డిస్కు తీసి తగిలించేవాడు. ఏళ్ల తరబడి. తుపానులో కూడా మానలేదు.

నేను ఆ రోడ్డుమీద నిలబడి ఆ మనిషిని గౌరవించకుండా ఉండలేకపోయాను. నకలు వేరే చోట ఉండాలి, ఉంది. వేళ తప్పకుండా తీయాలి, తీశాడు. పనిచేస్తుందో లేదో ఎప్పటికప్పుడు పరీక్షించాలి. ఆయన వాటితో కుళాయిలు చేసి అమ్మి మరీ పరీక్షించాడు. మా ఊరి బడిలో పిల్లలు చేతులు కడుక్కునేది ఆ పరీక్షల కిందే.

ఆ-హ్వే లేచాడు. ఎడమకాలి చెప్పు తీసి చేత్తో పట్టుకున్నాడు. బోయీలు కాస్త జరిగి దారిచ్చారు. కొయ్యమీద చెయ్యి ఉంది కనక కున్-లాంగ్ కదలడానికి లేదు. చెప్పు పైకి లేచింది. అక్కడే ఆగింది.

"కొంగమెడ కూడా ఉందా?"

"ఉంది బావా. వంపు దగ్గర నీళ్లు చప్పుడు చేస్తుంటే సరిచేశాను కూడా."

"ఎంత సరిచేశావు?"

"లోపలి దారి అర మిల్లీమీటరు పెంచాను."

ఆ-హ్వే చెప్పు దించాడు. "వెధవ" అన్నాడు, చెప్పు కింద పడేసి కాలు దూరుస్తూ. "నేను కూడా అర మిల్లీమీటరే అనుకున్నాను."

ఆ సాయంత్రమే కున్-లాంగ్ భార్య డిస్కు తెచ్చిచ్చింది. కొత్త కంప్యూటర్లో నేను ఎక్కించాను. అన్నీ ఉన్నాయి. ఆ-హ్వే ఫైళ్లకు పెట్టుకున్న తప్పుడు పేర్లతో సహా, ఒక్క గీత చెదరలేదు. శనివారం నిషివాకి గారు వచ్చారు. టీ తాగారు. తాగినంతసేపూ వ్యవహారం ఎత్తలేదు, అందుకే ఆ మనిషంటే మా వాడకు గౌరవం. తరవాత తెరమీద కొంగమెడ తిప్పి తిప్పి చూసి, వంపు దగ్గర వేలు పెట్టి, ఇక్కడ చప్పుడు రాదు కదా అన్నారు. రాదన్నాడు ఆ-హ్వే. అర మిల్లీమీటరు సంగతి తనే కనిపెట్టినట్టు చెప్పాడు. పని వచ్చింది.

ఇక ఇప్పుడైనా బుద్ధిగా ఏర్పాటు చేద్దామని నేను కాగితమ్మీద బొమ్మ గీసుకుని వెళ్లాను. ఒక నకలు ఇక్కడ, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి నా కొట్టులో. ఆయన వినలేదు. చూపు వీధి మీదే ఉంది. రెండో తిథి భోజనానికి కున్-లాంగ్ రాలేదు. నలుగురిలో పరువు పోయినవాడు ఏ మొహంతో వస్తాడు. ఆ-హ్వే బాతుమాంసం ఒక ముక్క కూడా సరిగ్గా తినలేదు. ఆ తరవాత పది రోజుల్లో మూడు కొత్త కుళాయిలు గీశాడు, గీసినకొద్దీ కంగారు పెరిగింది. పదహారో తిథినాడు బల్ల వేసి, అగరొత్తులు వెలిగించి, ఫోను తీశాడు.

"ఏరా, బాతు చల్లారిపోతోంది."

"సిగ్గుగా ఉంది బావా."

"సిగ్గు ఇంట్లో పెట్టి రా. ఎండగా ఉంది, ఆఫీసులో ఏసీ వేసి ఉంచాను."

కున్-లాంగ్ వచ్చాడు. గుమ్మంలో అక్కకు దండం పెట్టి, ఎటు పోవాలో తెలియక ఒక క్షణం నిలబడ్డాడు. ఆ-హ్వే ఆయన వంక చూడలేదు. కాగితపు డబ్బు కట్టలు చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. మామూలుగా కట్ట కట్టగా విసిరి చేతులు దులుపుకునే మనిషి, ఆ రోజు కట్ట విప్పి ఒక్కొక్క కాగితమే మంటలో వేశాడు, ఆఫీసు కిటికీ వైపు వీపు పెట్టి.